వానకోసం విరాటపర్వం

సంగంలో వానకోసం విరాటపర్వం చదివించడం చిన్నప్పుడు ఒక్కసారే విన్నాను, అమ్మమ్మ పక్కన కూచుని. గుడి మండపంలో ఒకాయన రాగం తీసి పద్యం చదివితే ఇంకొకాయన అర్థం చెప్పేవాడు. కీచకుడు రాగానే ఆడవాళ్ళు తిట్టారు. ఉత్తరకుమారుడి బడాయికి అందరూ నవ్వారు. ఆ రాత్రి వాన మాత్రం పడలేదు.

తర్వాత ఎమ్మేలో అదే పర్వం పాఠమైంది. తిక్కన పదిహేను పర్వాల పని ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాడు, నాటకీయత, రసపోషణ... నోట్సు నిండిపోయింది. అందులో వాన ఊసే లేదు.

కానీ కథలో వాన ఉంది. పాండవుల జాడ దొరక్క దుర్యోధనుడి వేగులు వట్టిచేతుల్తో తిరిగొస్తారు. అప్పుడు భీష్ముడు గుర్తులు చెప్తాడు: ధర్మరాజు ఉన్నచోట వానలు వేళకి పడతాయి, పైర్లు పండుతాయి, ఆవులు నిండుగా పాలిస్తాయి. అంటే ఇక్కడ వాన వరం కాదు, ఆచూకీ! దాక్కున్న మనిషిని పట్టించే సాక్ష్యం.

ఊళ్ళో దాన్ని తిరగేశారు. ధర్మరాజు ఉంటే వాన పడుతుందని కథ. ధర్మరాజు కథ చదివితే పడుతుందని వీళ్ళ ఆశ. ఇందులో ఓ నింద కూడా ఉంది. వాన రాలేదంటే ఊళ్ళో ధర్మాత్ముడు లేడనేగా? ఊరిపెద్దలు ముందువరసలో కూచుని ఆ మాట వింటున్నారు. ఏ విమర్శ పుస్తకంలోనూ ఈ విరాటపర్వం నాకు దొరకలేదు.

అదే రోజు పగలు పిల్లలు రోకలికి కప్పని కట్టి, వేపాకు చుట్టి, కప్పతల్లి పాట పాడుతూ ఇల్లిల్లూ తిరిగారు. గడపగడపకీ చెంబెడు నీళ్ళు. (కప్ప సంగతి ఎవరూ అడగలేదు, పాపం.) తిక్కనకి సాహిత్య చరిత్రల్లో అధ్యాయాలున్నాయి, కప్పతల్లికి జానపదం కింద ఓ పేరా. రెండూ ఒకే ఎండకి పుట్టాయి. హైకూలో కప్ప వసంతానికి గుర్తని, బషో కప్పని మాత్రం మనం మళ్ళీమళ్ళీ అనువదించుకుంటాం. మన కప్ప మూఢనమ్మకం.

2022లో సంగం బ్యారేజీ ప్రారంభమైంది. ఇప్పుడు అక్కడ సాయంత్రాలు సెల్ఫీలు. అంతకు ముందేడు నవంబరులో పెన్న పొంగి ఊళ్ళని ముంచినప్పుడు అమ్మమ్మకి ఫోన్ చేసి, ఈసారి పారాయణ లేదా అని వేళాకోళమాడాను.

"వాన ఆగడానికి ఏ పర్వం చదవాల్నో మీ తిక్కన రాయలేదు గదరా" అంది.