విట్‌మన్ ఉక్కు కాళ్లు

చిన్న విమానాలకు జరిగే ప్రమాదాల్లో పెద్ద వాటా నేలకు దిగేటప్పటివే. ప్రాణం పోయేవి వాటిలో తక్కువ. చక్రాలు విరుగుతాయి, ప్రొపెల్లర్ వంగుతుంది, ఒక్కోసారి రెక్క దెబ్బతింటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతుల్లో ఇన్ని విమానాలు రోజూ దబ్బున దిగుతూ కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయంటే, ఆ గొప్పతనంలో ఒక ఉక్కు బద్దకు సింహభాగం ఇవ్వాలి.

దాని కర్త స్టీవ్ విట్‌మన్. అమెరికాలోని ఆష్‌కాష్ ఊళ్లో పందెం విమానాలు తానే కట్టి, తానే నడిపినవాడు. అప్పట్లో చాలా చిన్న విమానాల కాళ్లంటే గొట్టాలు, కీళ్లు, రబ్బరు తాళ్లు. గాలికి అన్నీ అడ్డే. విట్‌మన్ వాటిని తీసేసి, కాలికొక స్ప్రింగ్ స్టీల్ బద్ద బిగించాడు. లారీ కమాన్‌కట్టలోంచి ఊడదీసిన పట్టీలా ఉంటుంది. హక్కులు కొనుక్కున్న సెస్నా కంపెనీ 1946లో వచ్చిన తన 140 మోడల్ విమానానికి, తర్వాత 150, 172 మోడళ్లకూ అదే అమర్చింది.

ఆ బద్దను దగ్గర నుంచి చూడండి. విమానం పొట్టలోకి చొచ్చుకుపోయే చోట దళసరి, చక్రం వైపు వచ్చేకొద్దీ పలచన. వంచే బలం పైనే ఎక్కువ కనుక ఉక్కు కూడా అక్కడే ఎక్కువ. అక్కర్లేని బరువు ఎక్కడా లేదు. నూనె కారదు, సీలు చిరగదు, కీలు అరగదు. నేల తగలగానే కాళ్లు పక్కలకు విచ్చుకుంటాయి. టైర్లు రన్‌వేని అడ్డంగా రాసుకుంటూ జరుగుతాయి, ఆ రాపిడే దెబ్బలో కొంత మింగేస్తుంది. టైరునే డ్యాంపర్‌గా వాడుకున్న ఆ ఆలోచన నాకెప్పుడూ అబ్బురమే!

అయితే స్ప్రింగ్ తీసుకున్నదాన్ని చాలావరకు తిరిగిచ్చేస్తుంది. వేగం మిగిలి ఉండగా దిగబోతే విమానం రన్‌వే మీదే తేలుతూ పోతుంది. ఓపిక పట్టలేని పైలట్ ముక్కును కిందికి నొక్కితే ముందు చక్రం మొదట తగిలి విమానం ఎగురుతుంది. సర్దబోయిన చెయ్యి ఒక క్షణం ఆలస్యం. ప్రతి గెంతూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. అక్కడ దెబ్బ కాసేది ఆ ఉక్కు బద్దలు కాదు, ఇంజను వెనక ఫైర్‌వాల్ అనే రేకు గోడకు ఆనుకున్న ముందు కాలు. అందుకే గట్టిగా దిగిన సెస్నా షెడ్డుకు వస్తే మెకానిక్ ఆ రేకు మీద ముడతలు పడ్డాయేమోనని వెతుకుతాడు. ప్రొపెల్లర్ నేలను కొడితే ఇంజను కూడా విప్పి చూడాల్సిందే. మొదటి గెంతులోనే ఇంజనుకు పూర్తి శక్తి ఇచ్చి, మళ్లీ పైకి లేచి, ఒక చుట్టు తిరిగి వచ్చిన పైలట్‌కు ఆ ఖర్చేదీ ఉండదు.