పాత వాయిద్యగాళ్ల జ్ఞాపకాలు: మనం రాయకుండా వదిలేసినవి

కొలబొడితో దండారీ ముగిసి, గుస్సాడీల నెమలి ఈకల టోపీలు మళ్లీ ఇంట్లోకి చేరిన తర్వాత ఒక సాయంత్రం, మా ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు ఇప్పచెట్టు కింద మంచం వేసుకుని కూర్చున్నారు. ఒకాయన గోండు. వయసులో ఉన్నప్పుడు దండారీ జట్టులో ఢోల్ వాయించేవారు. ఇంకొకాయన పర్ధాన్. కిక్రి, పెప్రె రెండూ తెలిసినవారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. మేము నోటు పుస్తకం పట్టుకుని పక్కన కూర్చున్నాం. మేమంటే బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు రోజుల్లో పెద్దల మాటలు రాసుకునే పంతుళ్లం.

ఆ రాత్రి పది దాటేదాకా వాళ్లు మాట్లాడారు. తర్వాత మేము దాన్నొక వ్యాసంగా రాశాం. అచ్చయింది. బాగుందని నలుగురూ అన్నారు. పుస్తకం తీసుకెళ్లి పర్ధాన్ తాతకు చదివి వినిపిస్తే, ఆయన చివరిదాకా విని, “నేను చెప్పిందాంట్లో సగమే ఉంది కదా సారూ” అన్నారు. కోపంగా అనలేదు. కల్లంలో కొలిచిన జొన్నలు ఇంటికొచ్చాక తక్కువైతే అడిగినట్టు అడిగారు. ఆ మిగిలిన సగం ఏమైందో చెప్పడానికే ఈ వ్యాసం. ఇందులో మేము విమర్శించేది ముందుగా మా రాతనే.

పాత వాయిద్యగాళ్ల మీద వచ్చే రచనకు ఒక అచ్చు పడిపోయింది. పత్రికల్లో, టీవీల్లో, సన్మాన సభల్లో, మన సంకలనాల్లో కూడా అదే అచ్చు. మొదట ‘ఆ రోజులే వేరు’ అనే మాట. తర్వాత డీజే మీద, సెల్‌ఫోన్ మీద నాలుగు తిట్లు. చివర గోడకు వేలాడే వాయిద్యం ఫొటో, దాని కింద ‘అంతరించిపోతున్న కళ’ అని ఒక వాక్యం. 2021లో మర్లవాయి కనక రాజుగారికి గుస్సాడీ కోసం, 2022లో కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమంతా సంబరపడ్డాం. పడాల్సిందే. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. అప్పుడూ రాశాం. పురస్కారం వచ్చిన రోజు, పోయిన రోజు, ఈ రెండు రోజుల మధ్య ఆ తరం వాళ్ల దగ్గర కూర్చుని, చెయ్యి ఎట్లా తిప్పుతారో, తోలు ఎట్లా బిగిస్తారో అడిగి రాసుకున్నవాళ్లం ఎంతమందిమి? ఈ ప్రశ్న మాకు మేమే వేసుకుంటున్నాం.

మా నోటు పుస్తకం మళ్లీ తీసి చూశాం. ఆ ఇద్దరు పెద్దలు ‘ఆ రోజులే వేరు’ అనే మాట ఒక్కసారీ అనలేదు. అది మేము రాసిన మాట. వాళ్లు ఎక్కువసేపు మాట్లాడింది వస్తువుల గురించి. ఏ ఊరి తుడుం ఎంత దూరం వినపడేది, ఎవరి కాళికోం గొంతు పగిలినట్టుండేది, ఎవరి ఢోల్ ఎడమ వైపు మెత్తగా పలికేది, ఇవీ మాటలు. ఒక ఊరి ఢోల్ విషయంలో ఇద్దరికీ పోట్లాటే అయింది. ఆ కర్ర మారేడా, ఇంకొకటా అని అరగంట వాదించుకున్నారు. మేము అప్పుడు కలం పక్కన పెట్టి, అసలు విషయానికి ఎప్పుడొస్తారా అని ఎదురుచూశాం. అదే అసలు విషయమని మాకు తట్టలేదు.

దండారీ జట్టు అంటే తెలియని పాఠకుల కోసం ఒక మాట. దీపావళి ముందు రోజుల్లో ఒక గూడెం యువకులు జట్టు కట్టి ఇంకో గూడేనికి పోతారు. గుస్సాడీలు, ఆడవేషం కట్టిన పోరిక్‌లు, వాయిద్యగాళ్లు అందరూ కలిసే నడుస్తారు. బయల్దేరే ముందు ఏత్మాసూర్ పేన్‌కు పూజ. టోపీలకూ వాయిద్యాలకూ కూడా పూజే. పోయిన ఊరివాళ్లు ఎదురొచ్చి తీసుకుపోయి, అన్నం పెట్టి, రాత్రంతా ఆడించుకుంటారు. ఇంకోసారి వాళ్లు మన ఊరికి వస్తారు. ఆ రాకపోకల్లోనే పిల్లనిచ్చే మాటలూ నడుస్తాయి. పట్నంలో యువకులు బ్యాండు కట్టుకుని ఊరూరూ తిరిగిన రోజులు తలుచుకుంటారంటారే, మన పెద్దలు తలుచుకునేది ఈ నడకనే.

ఆ నడక గురించి వాళ్లు చెప్పిన వివరాలు చూడండి. వాగు దాటేటప్పుడు మనిషి తడిసినా ఢోల్ తడవకూడదని నెత్తిన పెట్టుకునేవారట. మంచుకు తోలు సడలితే, ఊరి పొలిమేరలో చిన్న మంట వేసి కాచి, వేలితో కొట్టి చూసి, గొంతు కుదిరాకే ఊళ్లో అడుగు పెట్టేవారట. మరీ దగ్గరగా కాస్తే తోలు పగులుతుంది, దూరం పెడితే లాగదు. ఆ దూరం ఎంతో చెప్పమంటే తాత చెయ్యి చాపి, వెనకభాగం మంటవైపు తిప్పి, ‘చెయ్యి ఓర్చుకునేంత’ అన్నారు. కిక్రికి తీగ దొరకని ఒక ఏడు సైకిల్ బ్రేకు తీగ విప్పి, అందులోంచి ఒక పోగు తీసి బిగించారట. గొంతు గట్టిగా వచ్చింది గాని ఏడుపు రాలేదట. కథలో ఏడవాల్సిన చోట ఆ తీగ ఏడవదు కాబట్టి మళ్లీ పాత రకానికే పోయారట. ఒక వాయిద్యం మీద ఇంతకంటే మంచి విమర్శ మేము చదవలేదు. మా వ్యాసంలో ఇదంతా ‘ఎన్నో కష్టాలు పడి కళను కాపాడారు’ అనే ఒక్క వాక్యం అయింది.

ఈ సంగతి మాకు స్పష్టంగా అర్థమైంది ఒక సినిమా చూశాక. విమ్ వెండర్స్ అనే జర్మన్ దర్శకుడు 1999లో తీసిన ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’. క్యూబా దేశపు ముసలి సంగీతకారుల మీద తీసిన డాక్యుమెంటరీ అది. రై కూడర్ అనే అమెరికా గిటారు వాద్యకారుడు 1996లో హవానాకు పోయి, జనం మరిచిపోయిన పెద్దవాళ్లను కూడగట్టి ఒక ఆల్బం రికార్డు చేశాడు. 1997లో విడుదలైన ఆ ఆల్బం ప్రపంచమంతా వినిపించింది. 1998లో వాళ్లు న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో పాడారు. ఒక మిత్రుడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇస్తే, మేము నలుగురం పంతుళ్లం కలిసి చూశాం. భాష రాదు. అయినా చాలా చోట్ల మన పెద్దలే కనిపించారు.

ఆ సినిమాలో మాకు నచ్చినవి ముందు చెప్తాం. ఇబ్రహీం ఫెర్రెర్ అనే గాయకుడు పాట మానేసి బూట్లు తుడుచుకుంటూ బతికాడు. రూబెన్ గొంజాలెజ్ పియానోలో దిట్ట. ఆయన ఇంట్లో పియానోనే లేదు, ఉన్నదాన్ని పురుగు తినేసింది. మన పెద్దల ఇళ్లల్లో అటకమీది ఢోల్‌కు చెదలు పట్టడం మనం చూస్తూనే ఉన్నాం. కొంపాయ్ సెగుండో 1907లో పుట్టినవాడు. మామూలు గిటారు, తమ దేశపు త్రెస్ అనే వాయిద్యం, రెండింటి పనీ ఒక్కదానిలోనే కావాలని ఏడు తీగలతో సొంతంగా ఒక వాయిద్యం తయారు చేసుకున్నాడు. బ్రేకు తీగ బిగించి చూసిన మన తాతకు ఆయన దూరపు చుట్టం లాగే అనిపించాడు. సినిమా ఈ చేతుల్ని ఓపికగా చూపిస్తుంది. వాళ్లను వాయించనిస్తుంది. మన టీవీ కథనాల్లో వాయించడం మొదలవగానే దాని మీద వ్యాఖ్యానం మొదలవుతుంది.

నచ్చనిది కూడా ఉంది. సినిమాలో కొంపాయ్ కారులో తిరుగుతూ ఆ పాత క్లబ్బు ఎక్కడుండేదని వీధిలో జనాన్ని అడుగుతాడు. తలా ఒక చోటు చెప్తారు. చూడటానికి సరదాగా ఉంటుంది. కానీ ఆ క్లబ్బు అసలు ఎందుకు పుట్టింది? అప్పటి క్యూబాలో తెల్లవాళ్ల క్లబ్బుల్లోకి నల్లవాళ్లను రానిచ్చేవారు కాదు. నల్లవాళ్లు తమ ఆటపాటలకు తామే సంఘాలు పెట్టుకున్నారు. బ్యూనా విస్టా అలాంటిదే. సినిమా ఈ సంగతి మీద నిలబడదు. చోటు కోసం వెతికినంతగా కారణం కోసం వెతకదు. జ్ఞాపకం తియ్యగా ఉండాలంటే గోడ సంగతి పక్కన పెట్టాలి కాబట్టేమో.

ఇది చూస్తున్నప్పుడు మాలో ఒకరు సినిమా ఆపి, “మనం చేసిందీ ఇదే కదా” అన్నారు. పర్ధాన్ తాత అడిగిన ఆ సగం అప్పుడు గుర్తొచ్చింది.

ఆ సగంలో ఏముందో ఇప్పుడు రాస్తున్నాం. పెర్సపేన్ దగ్గర మన వంశాల కథ చెప్పేది పర్ధాన్. నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగల గోండులకు తమ పుట్టుక తెలిసింది ఆయన కిక్రి పక్కనే. 1940లలో మర్లవాయిలో ఉండి మన జీవితాన్ని రాసుకున్న హైమన్‌డార్ఫ్ కూడా, 1948లో అచ్చయిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ పుస్తకంలో మన పురాణం కోసం పర్ధాన్ల నోటినే ఆశ్రయించారు. అంటే మన చరిత్ర వాళ్ల గొంతులో ఉంది. అయినా మన పెద్దల కాలంలో పర్ధాన్ చేతి వంట గోండు తినేవాడు కాదు. కథ చెప్పినాయన బంతి వేరు. రాత్రంతా మన తాతముత్తాతల పేర్లు పాడి, తెల్లారి పక్కగా కూర్చుని తినేవాడు.

ఆ సాయంత్రం తాత ఈ సంగతి నవ్వుతూనే చెప్పారు. దండారీ దారిలో మంట దగ్గర అందరూ ఒక్కటే, ఒకరి చుట్ట ఒకరు కాల్చుకునేవారట. ఊళ్లోకి పోయాక ఆకులు వేసేటప్పుడు మళ్లీ ఎవరి వరస వాళ్లదే. ఒక ఏడు పంట పోయి, తమకు పెట్టాల్సిన గింజలు కొన్ని ఇళ్లు పెట్టలేదు. ఆ ఏడూ పాడారు. పాడకపోతే పేన్‌కు కోపం వస్తుందని. ఇంట్లో మాత్రం పిల్లలు గంజి తాగి పడుకున్నారు. పక్కనున్న ఢోల్ తాత ఏమీ అనలేదు, తల వంచుకుని మంచం నులక సరిచేశారు. ఇవన్నీ మా నోటు పుస్తకంలో ఉన్నాయి. వ్యాసంలో లేవు. ఎందుకు లేవు? మేము గోండులం. బయటివాళ్లు చదివే పుస్తకంలో మన ఇంటి మాట ఎందుకని కొట్టేశాం. ‘గోండులు, పర్ధాన్లు అన్నదమ్ముల్లా ఉండేవారు’ అని రాసుకున్నాం.

బయటివాళ్లు మన గురించి సగం రాస్తారని మనం ఎప్పుడూ ఫిర్యాదు చేస్తుంటాం. ఆ ఫిర్యాదు నిజమే. కానీ మన మధ్యనే తక్కువ సంఖ్యలో ఉన్న పర్ధాన్ల గురించి, తోటీల గురించి మనం రాసినప్పుడు అదే పని చేస్తే, ఆ ఫిర్యాదుకు బలం ఎక్కడిది? తుడుం, కాళికోం, పెప్రె వాయించే చేతుల్లో ఎక్కువ వాళ్లవే. వాయిద్యం ఫొటోను ‘గోండు సంస్కృతి’ అని అచ్చువేసి, వాయించే మనిషి ఎవరో రాయకపోవడం చిన్న తప్పు కాదు.

మరి పాత జ్ఞాపకాలు రాయొద్దా అంటే, తప్పకుండా రాయాలి. ఎట్లా రాయాలన్నదే మా మాట. పెద్దలు తీగ గురించి, తోలు గురించి మాట్లాడుతుంటే విషయం తప్పారనుకోవద్దు. ఆ అరగంట పోట్లాట మొత్తం రాసుకోవాలి. వాయించినందుకు ఏమి ముట్టిందో, ఎవరు పెట్టారో, ఎవరు పెట్టలేదో అడగాలి. ఏ వరసలో కూర్చుని తిన్నారో అడగాలి. అచ్చయ్యాక తీసుకెళ్లి చదివి వినిపించాలి. చదువు రాని మనిషికి తన గురించి వచ్చిన పుస్తకాన్ని సరిచూసుకునే దారి అదొక్కటే.

డీజే మీద తిట్ల గురించి కూడా ఒక మాట. అది కూడా మా సొంత కవిత్వమే. తాత మనవడు పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తాడు. కిక్రి నేర్చుకోలేదు. దాని గురించి బాధ లేదా అని మేము అడిగాం. బాధే అన్నారు. కాసేపటికి, “వాడి పెట్టె మంచుకు సడలదు సారూ, మంట అక్కర్లేదు. డబ్బులు కూడా ముందే చేతిలో పెడతారు” అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఎగతాళి లేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్లీ పోయాం. ఈ వ్యాసం రాసుకున్న కాగితాలు చదివి వినిపించాం. గింజల సంగతి దగ్గర ఆపమని, పెట్టని ఇళ్ల పేర్లు రాయొద్దన్నారు. వాళ్ల మనవలు మంచివాళ్లట. రాయలేదు. బ్రేకు తీగ సంగతి దగ్గర మాత్రం మమ్మల్ని సరిదిద్దారు. ముందు బ్రేకు తీగ కాదట, క్లచ్ తీగతో ప్రయత్నించారట, అది మరీ మందమైందట. అది కూడా రాసుకోమన్నారు. రాసుకున్నాం. తర్వాత అటక మీది కిక్రి దింపి, దుమ్ము తుడిచి, ఆ రెండు తీగల గొంతుకూ తేడా ఏమిటో వినిపిస్తానని కూర్చున్నారు. మాలో ఒకరం ఫోన్‌లో రికార్డు చేశాం. ఇంకొకరం ఆయన పక్కన కూర్చుని కమాను పట్టుకోవడం నేర్చుకున్నాం. ఇంకా సరిగ్గా రాలేదు.