బొద్దు ఎవరి సొత్తు?

ఈ వారం సినిమా పేజీలో మళ్లీ కనబడింది, ‘బొద్దుగుమ్మ’. కథానాయిక కొత్త సినిమా ఒప్పుకుందన్నది వార్త. ఏ సినిమా, ఏ పాత్ర అన్నవి నాలుగో వాక్యానికి గానీ రాలేదు. ఆవిడ ఒళ్లు మాత్రం శీర్షికలోనే వచ్చి కూర్చుంది.

బొద్దు నిజానికి చంటిపిల్లల మాట. లావు వేరు, బొద్దు వేరు. ముద్దుగా బొద్దుగా ఉన్నాడంటే తల్లి మురిసిపోతూనే దిష్టిచుక్క వెతుక్కుంటుంది. మా అమ్మమ్మ దగ్గరైతే దీనికో కొలత ఉండేది. సెలవులకి వెళ్లగానే కుశలం కూడా అడక్కుండా నా మణికట్టు పట్టుకునేది. ఆవిడ బొటనవేలూ మధ్యవేలూ చుట్టూ తిరిగి కలిశాయా, “చిక్కి శల్యమైపోయావు కదరా నాయనా!” అంటూ మా అమ్మ వైపు ఓ చూపు విసిరేది. ఇక ముద్దపప్పులో గుంట చేసి మరీ నెయ్యి పోసేది. వేళ్లు కలవని రోజున “ఇప్పుడు కాస్త ఒళ్లు చేశాడు” అని వీధంతా చెప్పుకొచ్చేది. ఇంట్లో గింజలున్నాయని ఊరికి చాటడమన్నమాట. తెలంగాణలో దొడ్డు, సన్నం అనే మాటలు బియ్యానికీ మనుషులకీ ఒకటే. 2025 ఉగాదికి రేషన్ షాపుల్లో సన్నబియ్యం వచ్చిందని సంబరపడ్డ ఇంట్లోనే, పిల్లాడు సన్నబడితే “గిట్ల బక్కగైనవేందిరా” అని బెంగపడతారు.

తిరిగి తిరిగి ‘మాయాబజార్’ దగ్గరికి రాకపోతే నా కాలమ్ పూర్తికాదని మీకు తెలుసు. 1957 నాటి ఆ సినిమాలో ఘటోత్కచుడి ఠీవినంతా మాయా శశిరేఖ ఒంట్లోకి దింపేసింది సావిత్రి. పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కినప్పుడు, తొక్కింది ఎస్వీ రంగారావే అనిపిస్తుంది. అదే ఇద్దరి గురించి రాసేటప్పుడు మన కలాలు చూడండి. రంగారావుది ‘నిండైన విగ్రహం’. తర్వాతి రోజుల సావిత్రి ‘బొద్దుగా’ మారింది. ‘బొద్దు హీరో’ అని ఎక్కడైనా చదివారా?

ఇంగ్లిష్ మాటల మీద నా యాగీ మీకు కొత్త కాదు. ‘హెల్దీగా ఉన్నారు’, ‘మంచి పర్సనాలిటీ అండీ’ అన్నప్పుడల్లా లావుకి ఇన్ని ముసుగులెందుకని విసుక్కునేవాణ్ని. ఈ పేరా మొదలెట్టింది కూడా వాటిని తిట్టడానికే. తీరా చూస్తే ‘హెల్దీ’కి ఆడా మగా తేడా లేదు. బట్టల కొట్లో కుర్రాడు “హెల్దీగా ఉన్నవాళ్లకి ఈ అంచు బాగుంటుంది మేడమ్” అని మా ఆవిడకి చీర పరుస్తాడు. అదే మాట అదే గొంతుతో నాతో అని డబుల్ ఎక్సెల్ చొక్కా తీస్తాడు. డాక్టరు దగ్గర ఈ మర్యాద చెల్లదు. మనవాళ్లకి బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25కి చేరితే ఊబకాయం అని తేల్చేస్తాడు. ఊబకాయం! మాట తెలుగే. అయినా నా ఓటు కొట్టు కుర్రాడికే. చొక్కా కూడా కొనేశాను.