ఊరి యభిమానము – పుస్తక పఠనము

గరివిడి వంటి యూళ్లలో సాహిత్య ప్రసంగము సాగినప్పుడు “చాసో మన విజయనగరమువారే” యని గర్వించుట సహజము. ఆ యభిమానము మంచిదే. కాని యది పఠనము కాదని మేము తలచుచున్నాము.

చాగంటి సోమయాజులుగారి (1915–1994) ‘వాయులీనం’ చదివి చూడుడు. జబ్బుపడిన భార్యను బ్రదికించుకొనుటకు భర్త యామె ఫిడేలు నమ్మివేయును; మిగిలిన సొమ్ముతో చీర తెచ్చును. అతడు దుష్టుడు కాడు, ప్రేమగలవాడే. అయినను ఆమె కోల్పోయినది చీరతో తీరునది కాదు. గృహమున స్త్రీ విద్యకుగల విలువ యెంతయో యింత మెల్లగా నడిగిన కథలు మే మెరిగినంతలో అరుదు. ఈ ప్రశ్నను మన యిండ్లలో చర్చించుటయే రచయితకు నిజమైన గౌరవము.

పుస్తకము దొరకదనువారికి, కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము కలదు. పేరు విన్నవారు పుస్తకము వెదకవలెను. చదివినవారు మరల మాటాడవలెను.