ఉపవాసమా, మితాహారమా? - ఒక విమర్శ

బరువు తగ్గదలచిన వారికి నేడు రెండు మార్గములు బోధింపబడుచున్నవి. ప్రతిదినము ఆహారమును కొంత తగ్గించి తినుట మొదటిది. వారములో కొన్ని దినములు గాని, దినములో కొన్ని గంటలు గాని ఆహారమును దాదాపు మాని, మిగిలిన కాలములో మామూలుగా తినుట రెండవది. సౌలభ్యము కొరకు మొదటిదానిని నిత్యమితాహారమనియు, రెండవదానిని విరామోపవాసమనియు పిలుతము. "మితాహారముతో కొంత తగ్గి అక్కడ ఆగిపోయినవారు విరామోపవాసమునకు మారిన చాలును, శరీరము వేరొక పద్ధతిలో పనిచేయ నారంభించి క్రొవ్వు త్వరగా కరగును" అను మాట ఇటీవల విరివిగా వినబడుచున్నది. ఈ మాట శాస్త్రపరీక్షకు ఎంతవరకు నిలుచునో విమర్శించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇది పెద్దవారికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. ఇంటిలో ఈ మాటలు వినుచున్న విద్యార్థి తానును ఉదయపు ఆహారము మాని బడికి రావచ్చును. సైన్సు ఉపాధ్యాయుని "ఇది నిజమేనా?" అని అడుగవచ్చును. ఉపాధ్యాయుడు చెప్పు సమాధానము విద్యార్థి ఆరోగ్యముపై పనిచేయును. కనుక ఆధారములను తూచి చెప్పవలసియున్నది.

పుస్తకము చెప్పినది

ఈ పద్ధతికి లోకములో ప్రచారము కలిగించిన గ్రంథములలో "ద ఫాస్ట్ డయట్" ముఖ్యమైనది. వైద్యవిద్య నభ్యసించి టెలివిజను రంగములో ప్రవేశించిన మైకేల్ మోస్లీయు, మీమీ స్పెన్సర్ అను పాత్రికేయురాలును దీనిని రచించిరి. 2012 ఆగస్టులో బి.బి.సి. ప్రసారము చేసిన మోస్లీ కార్యక్రమము దీనికి మూలము. పుస్తకము 2013లో వెలువడినది. వారమున ఐదు దినములు మామూలుగా తిని, రెండు దినములు మాత్రము స్త్రీలు 500, పురుషులు 600 కిలో కెలోరీలతో సరిపెట్టుకొనవలెనని ఇందలి విధానము.

ఈ విధానమునకు ఒక సుగుణము కలదు. నియమము చిన్నది, స్పష్టమైనది. నెలల తరబడి ప్రతి ముద్దను లెక్కింపుమని అది కోరదు. కాని మోస్లీ తన శరీరముపైననే ప్రయోగము చేసికొని బరువు తగ్గిన వృత్తాంతము పాఠకుని ఆకర్షించునే గాని, నిదర్శనము కాజాలదు. ఆయనయే అదే కాలములో అంతే ఆహారమును ప్రతిదినము సమముగా తగ్గించుకొనియుండిన ఎంత తగ్గెడివాడో తెలియుటకు మార్గము లేదు. పోలిక లేనిచోట కారణమును నిర్ణయింపజాలము.

లెక్క యొక్కటే

ఒక స్త్రీ దినమునకు 2,000 కిలో కెలోరీల ఆహారము తినుచున్నదనుకొందము. అది వారమునకు 14,000 అగును. ఆమె ఐదు దినములు 2,000 చొప్పునను, రెండు దినములు 500 చొప్పునను తినినచో వారపు మొత్తము 11,000. తగ్గినది 3,000. దీనిని ఏడు దినములకు పంచిన దినమునకు సుమారు 430 వచ్చును. వంటింటి భాషలో చెప్పవలెనన్న, 80 గ్రాముల బియ్యమును, 16 గ్రాముల నూనెను ప్రతిదినము తగ్గించుట దీనికి సమానము. అనగా దినదినము ఇంత తగ్గించుకొను స్త్రీకిని, వారమునకు రెండు దినములు ఉపవసించు స్త్రీకిని శక్తి లెక్కలో భేదము లేదు. శరీరపు క్రొవ్వు కిలోగ్రాము ఒకటికి సుమారు 7,700 కిలో కెలోరీలని స్థూలముగా లెక్కింతురు. ఆ చొప్పున మొదటి వారములలో ఇద్దరికిని వారమునకు 400 గ్రాములకు కొంచెము లోపుగా క్రొవ్వు తగ్గవలెను.

కనుక విరామోపవాసమే మేలనువారు రెండింటిలో ఒకదానిని నిరూపింపవలెను. తిన్న శక్తి సమానమైనప్పటికిని ఉపవాసము వలన బరువు ఎక్కువ తగ్గునని చూపవలెను. లేక, ఉపవాసనియమమును జనులు ఎక్కువకాలము పాటింపగలుగుదురని చూపవలెను. మొదటిది శరీరధర్మమునకు చెందిన ప్రశ్న. రెండవది అలవాటునకు చెందినది. ప్రచారములో ఈ రెండును కలగాపులగమగుచున్నవి.

మారిన వెంటనే తగ్గునది ఏది?

మితాహారము నవలంబించినవారి బరువు మొదట వేగముగా తగ్గి, కొన్ని మాసములకు మందగించును. దీనికి కారణములు తెలిసినవే. తేలికయైన శరీరమును పోషించుటకును, కదల్చుటకును తక్కువ శక్తి చాలును. ఆహారము తగ్గినపుడు శరీరము తన వ్యయమును గూడ కొంత తగ్గించుకొనును. ఆకలి పెరుగును; దానితోపాటు తిండి కొలత తెలియకుండనే కొంచెము కొంచెముగా పెరుగును. ఇది మితాహారమునకు మాత్రమే పట్టిన దోషము కాదు. బరువు తగ్గించు పద్ధతి ఏదైనను ఈ దశ రాక తప్పదు.

ఈ దశలో ఉపవాసమునకు మారినవాడు మొదటి వారములోనే ఒక కిలోగ్రాము తగ్గి ఆశ్చర్యపడవచ్చును. ఆ కిలోగ్రాము ఏమిటో విచారింపవలెను. మన కాలేయములోను, కండరములలోను గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువయుండును. పెద్దవారిలో ఇది సాధారణముగా 400 నుండి 500 గ్రాములు. గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు చేరియుండును. ఉపవాసములో ఈ నిలువ సగము ఖర్చయినను, 200 లేక 250 గ్రాముల గ్లైకోజెన్‌తో 600 నుండి 750 గ్రాముల నీరు వెడలిపోవును. మొత్తము దాదాపు కిలోగ్రాము! మరల రెండు పూటలు కడుపునిండ అన్నము తినిన ఇది తిరిగి చేరును. త్రాసు బరువును మాత్రమే చెప్పును గాని, పోయినది నీరా క్రొవ్వా అని చెప్పదు. క్రొత్త పద్ధతికి దక్కుచున్న కీర్తిలో కొంత భాగము ఈ నీటికి చెందవలసినది.

పోల్చి చూచిన ప్రయోగములు

ఈ విషయమున నమ్మదగిన సాక్ష్యము, మనుష్యులను చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపుచే నిత్యమితాహారమును, వేరొక గుంపుచే విరామోపవాసమును చేయించిన ప్రయోగములలో లభించును.

2011లో ప్రకటింపబడిన మాంచెస్టరు పరిశోధనలో 107 మంది స్త్రీలు పాల్గొనిరి. ఆరు మాసములలో వారమునకు రెండు దినములు ఉపవసించినవారు సగటున 6.4 కిలోలును, ప్రతిదినము మితముగా తినినవారు 5.6 కిలోలును తగ్గిరి. ఈ స్వల్పభేదము యాదృచ్ఛికము కావచ్చును.

2022లో చైనాలోని క్వాంగ్‌జౌ నగరపు పరిశోధన వెలువడినది. అందు 139 మందికి ఒకే రీతిగా కెలోరీలు తగ్గింపబడినవి. భేదమెల్ల ఒక్కటే: ఒక గుంపు ఉదయము 8 గంటల నుండి సాయంకాలము 4 గంటల వరకు మాత్రమే తినవలెను, రెండవ గుంపునకు వేళల నిర్బంధము లేదు. సంవత్సరాంతమున మొదటివారు 8.0 కిలోలు, రెండవవారు 6.3 కిలోలు తగ్గిరి. గణాంకశాస్త్రరీత్యా ఈ వ్యత్యాసము కూడ నిర్ధారణకు చాలదు. మన మొదటి ప్రశ్నకు ఇది సూటియైన పరీక్ష. గడియారమునకు ప్రత్యేకమైన మహిమ యున్నట్లు ఇందు నిరూపితము కాలేదు.

2020లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు కెలోరీల ప్రసక్తి లేకయే, మధ్యాహ్నము 12 నుండి రాత్రి 8 వరకు మాత్రమే తినుమని ఒక గుంపునకు చెప్పి, మామూలుగా మూడు పూటల తిను గుంపుతో పోల్చిరి. మొత్తము 116 మంది. పండ్రెండు వారములలో మొదటివారు 0.94 కిలోయు, రెండవవారు 0.68 కిలోయు తగ్గిరి. వేళను కుదించినంత మాత్రమున తిండి తగ్గునను ధీమాకు ఇది భంగము.

రెండవ ప్రశ్నకు, అనగా పాటింపగల సామర్థ్యమునకు, 2017 నాటి షికాగో ప్రయోగము మంచి ఉదాహరణము. ఇందులో దినము విడిచి దినము ఉపవసించినవారు సంవత్సరములో తమ బరువులో 6.0 శాతము, నిత్యమితాహారులు 5.3 శాతము తగ్గిరి. కాని ఉపవాసపు గుంపులో 38 శాతము మంది మధ్యలో మానిరి. రెండవ గుంపులో మానినవారు 29 శాతము. అంతకంటె విశేషమేమనగా, ఉపవాసులు ఉపవాసదినమున విధించినదానికంటె ఎక్కువయు, విందుదినమున విధించినదానికంటె తక్కువయు తినిరి. చెప్పినవారు ఉపవాసమని చెప్పిరి. చేసినవారు తెలియకయే నిత్యమితాహారము వైపు జరిగిరి!

ప్రతికూలసాక్ష్యమును దాచుట విమర్శకు తగదు. 2025లో వెలువడిన కొలరాడో పరిశోధనలో 165 మంది పాల్గొనిరి. వారమునకు మూడు దినములు ఆహారమును 80 శాతము తగ్గించినవారు సంవత్సరములో 7.6 శాతము తగ్గగా, ప్రతిదినము తగ్గించినవారు 5.0 శాతమే తగ్గిరి. ఇది నిజమైన ఆధిక్యము. అయితే మొత్తముమీద వాస్తవముగా తగ్గిన కెలోరీలును ఉపవాసులలోనే ఎక్కువయని తేలినది. అనగా వారు నియమమును మెరుగుగా నిలుపుకొనిరి. ఈ ఫలితము రెండవ ప్రశ్నకు సమాధానమే గాని మొదటిదానికి కాదు. అదే సంవత్సరము 99 ప్రయోగములను, 6,582 మందిని కలిపి చూచిన సమీక్షలో విరామోపవాసములన్నియు సుమారుగా మితాహారముతో సమానమే యనియు, దినము విడిచి దినము చేయు ఉపవాసము మాత్రము సగటున 1.29 కిలోలు ఎక్కువ తగ్గించినదనియు తేలినది. మేలున్నది, కాని అది ప్రచారము చెప్పునంతటిది కాదు.

నోబెల్ బహుమతి సాక్ష్యమా?

ఉపవాసవాదులు తరచుగా యొషినోరి ఒసుమి పేరును స్మరింతురు. కణము తనలోని పాతభాగములను తానే విడగొట్టి తిరిగి వాడుకొను ప్రక్రియను పరిశోధించినందులకు ఆయనకు 2016లో నోబెల్ బహుమతి లభించినది. మహత్తర పరిశోధనమే. కాని ఆ మూలప్రయోగములు ఈస్టు కణములపై జరిగినవి. మనిషి పదునారు గంటలు తినకున్న ఎన్ని కిలోలు తగ్గునని ఆయన పరిశోధింపలేదు.

చుంచెలుకల ఫలితములను మనకు అన్వయించునపుడును జాగ్రత్త వలయును. చుంచెలుక తన శరీరములోని ఒక్కొక్క గ్రామునకు మనిషికంటె సుమారు ఏడురెట్లు వేగముగా శక్తిని వ్యయపరచును. దానికి ఒక దినము పస్తు, మనకు ఒక దినము పస్తుతో సమానము కాదు.

మన ఉపవాసములు

ఏకాదశి, కార్తిక నక్తములు మనకు చిరపరిచితములు. "లంఖణము పరమౌషధము" అను సామెతయు కలదు. కాని వ్రతముల ఉద్దేశము భక్తి, నిగ్రహము. బరువు తగ్గుట కాదు. పైగా అన్నము మానిన దినమున ఫలహారము పేర ఉప్మా, గారెలు, పాయసము చేరినచో మానినదానికంటె తినినదే హెచ్చగును. ఉపవాసమను పేరు వలన గాక, ఆ దినమున మొత్తము తినినదాని వలననే ఫలితము నిర్ణయింపబడును.

మారవచ్చునా?

మారవచ్చును. ప్రతి పూటయు కొలిచి తినుట భారమైనవారికి, రెండు మూడు దినముల కఠిననియమము సులభముగా తోచినచో, అది సమంజసమైన మార్గమే. ఉపవాసదినమున తలనొప్పి, చిరాకు కలిగి మరునాడు అమితముగా తినువారికి పాత మార్గమే మేలు. ఏ మార్గమైనను మాంసకృత్తులు తగినంత తినుట, వ్యాయామము చేయుట అవసరము. లేకున్న క్రొవ్వుతోపాటు కండయు తరుగును.

కాని కొందరు దీని జోలికి పోరాదు. మధుమేహమునకు ఇన్సులిను గాని, ఇన్సులినును స్రవింపజేయు మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక ఉపవసించినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. గర్భిణులు, బాలింతలు, తిండివిషయమున మానసికవ్యాధికి లోనైనవారు దీనిని చేయరాదు. పైన చెప్పిన ప్రయోగములన్నియు పెద్దవారిపై జరిగినవి. ఎదుగుచున్న బాలబాలికలకు ఆ ఫలితములు వర్తింపవు. ఉదయపు ఆహారము మాని బడికి వచ్చు విద్యార్థికి ఈ సంగతి ముందుగా చెప్పవలెను.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చక్కని అభ్యాసముగా చేయవచ్చును. ఇట్టి ప్రకటన ఏది కనబడినను నాలుగు ప్రశ్నలు వేయుమని విద్యార్థులతో చెప్పవచ్చును. దేనితో పోల్చిరి? ఎంతకాలము చూచిరి? మొదట చేరినవారిలో చివరి వరకు ఎందరు మిగిలిరి? తగ్గినది నీరా, కండయా, క్రొవ్వా? ఈ నాలుగింటికి సమాధానము దొరకు వరకు ఆ ప్రకటనను నమ్మవలసిన పని లేదు.