పతాకం పట్టిన చెయ్యి

కూచిపూడి నేర్చుకునే పిల్లలకు మొట్టమొదట చెప్పే హస్తం పతాకం. నాలుగు వేళ్లూ చేర్చి చాపి, బొటనవేలు మడిచి పక్కన ఆనిస్తే సరి. ఐదేళ్ల పిల్లయినా ఇట్టే పట్టేస్తుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. నందికేశ్వరుడి ‘అభినయదర్పణం’ ఈ ఒక్క చేతికే మేఘం, అడవి, నది, గాలి, వెన్నెల, మండుటెండ, తలుపు, ఒట్టు, ఆశీర్వాదం, ఇల్లూడవడం, ఆఖరికి మౌనం కూడా అప్పజెప్పింది. (ఆ గ్రంథాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి 1917లో ఇంగ్లీషులోకి తెచ్చినవాడు మన చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అని చాలామందికి గుర్తుండదు.) ఒంటిచేతి హస్తాలు 28 ఉండగా, అన్ని అర్థాలూ ఒకదాని నెత్తినే ఎందుకు రుద్దినట్టు?

పాఠం జరుగుతున్నప్పుడు పక్కన కూర్చుంటే సంగతి తెలుస్తుంది. బాగా చెప్పే గురువు ఒక్కోసారి పాట ఆపించేసి, ఒక పిల్లను ముందుకు పిలిచి నది చూపించమంటారు. పిల్ల పతాకం పట్టి, అరచేతిని నేలవైపు తిప్పి, మణికట్టు ఊపుతూ చేతిని ముందుకు పోనిస్తుంది. ఏమిటది అని మిగతావాళ్లను అడిగితే ‘పాము’ అంటారు. గురువు ఆ మణికట్టు జోలికే పోరు. “ఎక్కడ చూస్తున్నావమ్మా?” అంటారంతే. పిల్ల తన వేలికొసలనే చూసుకుంటోంది మరి! అవతలి ఒడ్డు చూడమంటారు. చెయ్యి అదే, ఊపు అదే. చూపు దూరం జరిగేసరికి పాము పోయి నది వచ్చేస్తుంది.

హస్తం ఒక్కటే ఏమీ చెప్పదని పిల్లలకు ఉపన్యాసంతో పని లేకుండా తెలిసేది ఇలాగే. పతాకానికి అన్ని అర్థాలుండటంలోని తెలివి నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఒక చేతికి ఒకే అర్థం ఉంటే పిల్లలు దాన్ని ఎక్కంలా బట్టీపట్టి ఊరుకుందురు. ఇన్ని ఉండబట్టి చూపునూ మెడనూ నడకనూ సాయం పిలుచుకోక తప్పదు. అందుకే చూపుల్లో ఎనిమిది, తల కదలికల్లో తొమ్మిది, మెడకు నాలుగు భేదాలు విడివిడిగా సాధన చేయిస్తారు. ఓరచూపు సాచి, పైచూపు ఉల్లోకితం, కిందిచూపు అవలోకితం. విడిగా చేయిస్తున్నప్పుడు చూస్తే వట్టి కసరత్తులాగే ఉంటుంది.

వాటిని కలిపేటప్పుడు వరస ముఖ్యం. ‘అదుగో, ఎవరో వస్తున్నారు’ అని చూపాలంటే ముందు కన్ను పోవాలి, వెనక తల తిరగాలి, చెయ్యి లేవడం ఆఖరున. చెయ్యి ముందు లేచిందా, వచ్చే మనిషి మాయమై, దారి అటు అని చెప్పినట్టవుతుంది. రెప్పపాటు తేడా. స్కూలు వార్షికోత్సవాల్లో పాతికమంది పిల్లలు నవ్వు అతికించుకుని చేతులన్నీ ఒక్కసారి లేపుతుంటే, ఈ వరసే ఎగిరిపోయిందని ఇట్టే తెలిసిపోతుంది.

కూచిపూడి నోరు విప్పి మాట్లాడే నాట్యం కూడాను. భామాకలాపంలో సత్యభామ మాటల పుట్ట. అయినా ఆమె ప్రవేశం మాటతో కాదు, ముఖంతో కూడా కాదు. ఇద్దరు పట్టుకున్న తెర వెనక నిలబడి, జడను తెరమీదుగా ఇవతలికి వేస్తుంది. ఏళ్ల తరబడి చూపుకు పదును పెట్టించిన విద్య, తీరా పెద్ద పాత్ర దగ్గరికి వచ్చేసరికి ఆ చూపునే దాచేస్తుంది! జడ పడిన తీరులోనే గర్వం, పంతం, నాతో పోటీకి ఎవరొస్తారన్న సవాలు తెలియాలి. విసిరితే పొగరుబోతుతనం, జారవిడిస్తే నీరసం. ఆడవేషాలన్నీ మగవాళ్లే కట్టిన రోజుల్లో ఈ కొలత కూచిపూడి అగ్రహారం మగపిల్లలు నేర్చుకోవలసి వచ్చింది. ఆ ఊళ్లోనే పుట్టి, సత్యభామ అంటే ఈయనే అనిపించుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ కూడా అలా పిల్లప్పుడే గజ్జె కట్టినవాడే.