వెనక స్పార్ మీద ఒక్క బెజ్జం

ఆర్‌వీ-7 అనే రెండు సీట్ల విమానంలో ఒక్కో రెక్కను వెనకవైపు బాడీకి పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. మందం 5/16 అంగుళం, అంటే 8 మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ. పేరు ఏఎన్-5. కొత్తగా చూసినవాళ్ళెవరికైనా గుండె గుభేలుమంటుంది. నన్నడిగితే భయపడాల్సింది బోల్టును చూసి కాదు, అది దూరే బెజ్జాన్ని చూసి.

ఆర్‌వీ విమానాల కిట్లు తయారయ్యేది మేముండే ఒరెగాన్ రాష్ట్రంలోనే, అరోరా అనే చిన్న ఊళ్ళో. అక్కడి వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ కిట్లతో జనం సొంతంగా కట్టుకున్న విమానాలు ఇప్పటికి పదివేలకు పైగా ఎగిరాయి. అమెరికా నిబంధనల ప్రకారం ఇలాంటి విమానంలో సగానికి మించిన పని కట్టుకునేవాళ్ళే చెయ్యాలి. ముందు స్పార్, అంటే రెక్క లోపల పొడవునా సాగే అసలు దూలం, దాని బోల్టుల బెజ్జాలు మాత్రం ఫ్యాక్టరీలోనే పడతాయి. వెనక స్పార్ బెజ్జం మనకు వదిలేస్తారు.

ముందు స్పార్ చేసే పని పెద్దది. రెక్కను గాలి పైకెత్తుతుంటే దూలం వంగబోతుంది. పై అంచు నలుగుతుంది, కింది అంచు సాగుతుంది. పైవరస బోల్టులు ఒకవైపు, కిందివరస బోల్టులు ఎదురువైపు నెట్టుకుంటూ ఆ వంపును ఆపుతాయి. వాటిని నిలువునా లాగే బలం పెద్దగా ఉండదు, అడ్డంగా కోసే బలమే ఉంటుంది. అందుకే బోల్టు బెజ్జంలో కదలకుండా ఇమడాలి. వెనక బోల్టు పని వేరు. రెక్క మెలి తిరగకుండా, ముందు వెనకలకు ఊగకుండా పట్టి ఉంచుతుంది. రెక్క ఎంత కోణంలో నిలబడాలో తేల్చేది కూడా అదే. ఆ బెజ్జాన్ని మనకు వదిలెయ్యడానికి కారణం ఇదే. రెండు రెక్కల కోణం సమానంగా లేకపోతే విమానం గాల్లో ఒకవైపు ఒరుగుతూనే ఉంటుంది.

ఒక మిత్రుడి షెడ్డులో ఆ పనికి సాయం పట్టాను. రెక్కల ముందంచు నుంచి దారాలకు గుండ్లు కట్టి వేలాడదీశాం, మన తాపీమేస్త్రీలు గోడ నిటారు చూసుకున్నట్టు. గుండ్లన్నీ నేలమీద లాగిన దారానికి సమానదూరంలో ఉంటే రెక్క వెనక్కో ముందుకో వాలలేదన్నమాట. రెక్క కొస నుంచి తోకదాకా రెండువైపులా టేపు పట్టి సరిచూసుకున్నాం. ఆపైన రెక్క మీద డిజిటల్ లెవెల్ పెట్టి కోణం చూడటం, వెనక స్పార్ను వెంట్రుకవాసి లేపడం, మళ్ళీ చూడటం. కుదిరాక క్లాంపులతో బిగించాం. అప్పుడిక మాటలు ఆగిపోయాయి.

ఎందుకంటే అసలు కొలత అప్పుడు మొదలవుతుంది. బెజ్జం మధ్య నుంచి రేకు అంచుదాకా బోల్టు వ్యాసానికి రెట్టింపు దూరం, అంటే 5/8 అంగుళం, ఉండి తీరాలి. రెక్క వైపు రేకుకూ ఉండాలి, బాడీ వైపు రేకుకూ ఉండాలి. ఒకటి రెండోదాని కింద దాక్కుని ఉంటుంది కాబట్టి పైనుంచి చూస్తే తెలియదు. ముందే గీతలు గీసుకుని పెట్టుకోవాలి. రెక్క సులువుగా జొరబడాలని రేకు చివర ఆకురాయితో అరగదీస్తారు. అక్కడ చెయ్యి జోరైతే అంచు దూరం కాస్తా కరిగిపోతుంది. ఏఎన్-5 బోల్టును ఒక్కచోట కోసెయ్యాలంటే సుమారు 2,600 కిలోల బలం కావాలి. అంచు దూరం తక్కువైతే ఆ లెక్క గాలికి పోతుంది. బోల్టు చెక్కుచెదరదు, అల్యూమినియం అంచు చీలి బెజ్జమే బయటికొచ్చేస్తుంది. బోల్టు బలం గురించి గంటలు వాదించేవాళ్ళు ఈ అంచు దగ్గర ఓ పూట గడిపితే బాగుండునని నాకనిపిస్తుంది.

డ్రిల్లు నిటారుగా దిగడానికి మందపాటి దిమ్మెలో బెజ్జం చేసి గైడుగా బిగించాం. చిన్న బిట్టుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయి, చివరి కొలత రీమరుకు వదిలాం. రీమరు బెజ్జాన్ని నునుపు చేస్తుంది, కోడిగుడ్డు ఆకారం రానివ్వదు.

హార్డ్‌వేర్ కొట్లో దొరికే గట్టి బోల్టు వేస్తే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. విమానం బోల్టులో మర లేని నున్నటి భాగం, దాన్ని గ్రిప్ అంటారు, ఎనిమిదో వంతు అంగుళం తేడాతో రకరకాల పొడవుల్లో దొరుకుతుంది. రేకుల మందానికి సరిపడా గ్రిప్ ఎంచుకుంటే మరచుట్లు రేకు లోపలికి రావు. వస్తే చుట్ల గాడి దగ్గర బోల్టు బలహీనం, పైగా ఆ చుట్లు బెజ్జాన్ని రంపంలా తింటాయి. ఏఎన్ ఉక్కు బోల్టు తలమీద ఉబ్బెత్తు ఇంటూ గుర్తుంటుంది. చేతిలోకి తీసుకోగానే నా బొటనవేలు ముందు దాన్నే తడుముతుంది. కొట్లో బోల్టుకూ ఒక మంచి పనుంది. కొస సాన పట్టి, ఒళ్ళు కాస్త సన్నం చేసి, ముందు స్పార్ బెజ్జాలు ఒకదానికొకటి ఎదురొచ్చేలా సర్దడానికి వాడి తీసేస్తారు.

ముందు స్పార్ పెద్ద బోల్టులు 7/16 అంగుళానివి, బెజ్జాలకు అంటిపెట్టుకునేంత బిగువు. చాలామంది వాటిని రాత్రంతా ఫ్రీజర్లో పెడతారు. ఇంటి ఫ్రీజరు చలికి ఆ ఉక్కు ముడుచుకునేది అంగుళంలో పదివేల వంతుల్లో రెండు వంతులే. అంత బిగువులో ఆ రెండు వంతులూ పనికొస్తాయి. దిగేటప్పుడు బోల్టును తిప్పకూడదు, పైనున్న కాడ్మియం పూత గీరుకుపోతుంది. నెట్టాలి, లేదా సన్నగా తట్టాలి. బిగించేటప్పుడు తల కదలకుండా పట్టుకుని నట్టునే తిప్పాలి. ఏఎన్-5కు 100 నుంచి 140 అంగుళ-పౌండ్ల టార్క్. నైలాన్ లాక్‌నట్టు అయితే అది ఊరికే తిరగడానికి పట్టే బలాన్ని కూడా ఆ అంకెకు కలపాలి. ఇది మరిచిపోతే రెంచి క్లిక్కుమంటుంది గానీ పట్టు చాలదు.

నట్టు మీద నుంచి రేకు మీదికి రంగు పేస్టుతో ఒక గీత గీస్తారు. గీత తెగితే నట్టు కదిలిందన్నమాట. బోల్టు చుట్టూ నల్లటి మసి కనిపిస్తే రేకులు లోపల ఒరుసుకుంటున్నాయని అర్థం. ఏటా ఒకసారి తనిఖీ తప్పనిసరి. కట్టుకున్నవాళ్ళు సర్టిఫికెట్ తీసుకుంటే ఆ తనిఖీ వాళ్ళే చేసుకోవచ్చు. రెక్క మొదట్లో సందును కప్పే ఫెయిరింగ్ విప్పకుండానే తనిఖీ కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళతో నాకు గట్టి పేచీ ఉంది. విప్పాల్సింది కాసిని మరలు, కావలసింది ఒక టార్చిలైటు, చేతి అద్దం.